బావిలో నీరు – పైరుకు నీరు – పైరుపై పురుగు

(రబీ పైర్లకు ముందు రైతుల సమావేశములో చేసిన ప్రసంగ పాఠము)



కార్తీకము వచ్చినది. ముంగారు వానలు ముగిసినవి. హింగారు వానలు కూడ వెనుకకు తగ్గినవి. చెరువులో కొంత, బావిలో కొంత నీరు కనబడుచున్నది. మీట నొక్కగానే బోరు ధార నిండుగా పడుచున్నది. ఇట్టి సమయముననే మనము పొరపాటు చేయుచున్నాము. కార్తీకములో ధారను చూచి వరినారు పోయుదుము. మాఘములో ధార సన్నగిల్లును. ఫాల్గుణములో పైరు పొట్టమీద ఉండగా బోరు నీటికి బదులు గాలి కొట్టును. అప్పుడు అప్పు తెచ్చి మరియొక బోరు వేయుదుము. అందులో నీరు పడనిచో మూడవది. తుదకు పైరు దక్కదు, అప్పు మాత్రము దక్కును. ఈ కథ మీకు ఒకరు చెప్పవలసిన పని లేదు. ప్రతి ఊరిలోను ఇట్టి ఇల్లు ఒకటి ఉన్నది.

నేడు నేను చెప్పదలచినది ఒక్కటే మాట. విత్తనము కొనుటకు ముందు నీటిని లెక్కించుకొనండి. ఆ లెక్క తెలిసినచో ఏ పైరు పెట్టవలెనో తెలియును. పైరుకు నీరు ఎట్లు పెట్టవలెనో తెలియును. నీరు సరిగా పెట్టిన పొలములో పురుగుల బాధ కూడ చాలవరకు తగ్గును. ఈ మూడును వేరువేరు సంగతులు కావు. ఎట్లో వరుసగా చెప్పెదను.

భూమిలో నీరు ఎక్కడ ఉన్నది?

భూమి క్రింద నదులు పారుచున్నవనియు, లోతుగా పోయిన కొలది పాతాళ గంగ తగులుననియు చాలమంది నమ్మకము. కృష్ణా, గోదావరీ డెల్టాలలో ఇసుక పొరలు ఉన్నవి గనుక అచ్చటి సంగతి వేరు. రాయలసీమలోను, తెలంగాణములోను చాల భాగము క్రింద ఉన్నది నల్లరాయి, పలుగురాయి వంటి కఠిన శిల. ఆ శిల పై భాగము కొంత లోతు వరకు చిల్లి, మొరపగా మారి ఉండును. నీరు నిలుచునది ముఖ్యముగా ఆ మొరప పొరలోనే. దాని క్రింద గట్టి రాతిలో అక్కడక్కడ పగుళ్లు ఉండును. ఆ పగుళ్లలో కొంత నీరు ఉండును. 100 పాళ్ల మొరపలో మనకు తోడుకొనుటకు వచ్చు నీరు ఒకటి మొదలు మూడు పాళ్లు మాత్రమే.

కావున భూగర్భ జలమును గంగ అనుకొనక గాదె అనుకొనవలెను. వాన పోసినంతే గాదెలో ఉండును. 600 అడుగులు, 800 అడుగులు బోరు వేసినపుడు క్రొత్త గాదె దొరకినదని సంతోషింతుము. అది క్రొత్త గాదె కాదు. పాత గాదెకే అడుగున కన్నము వేసితిమి. పై బావులు ఎండిపోవుట అందువలననే.

కపిల తోలిన కాలములో ఈ బాధ ఇంతగా లేదు. ఎద్దులు అలసినపుడు బావికి కూడ విశ్రాంతి దొరకెడిది. రాత్రి ఊరిన నీటినే మరునాడు తోడెడివారు. మోటారుకు అలసట లేదు. ఆంధ్రప్రదేశములో 2004 నుండి సేద్యమునకు ఉచిత విద్యుత్తు వచ్చినది. దానివలన రైతుకు మేలు కలిగినది, సందేహము లేదు. కాని ఆటో స్టార్టరు పెట్టి ఇంటిలో పడుకొనిన రైతు పొలములో, మడి నిండినను మోటారు ఆగుట లేదు. ఎద్దుల అలసట చేసిన పనిని ఇప్పుడు మన బుద్ధి చేయవలెను.

రాబడి ఎంత? ఖర్చు ఎంత?

ఉమ్మడి అనంతపురం జిల్లాను తీసుకొందము. అచ్చట సాధారణ వర్షపాతము సంవత్సరమునకు సుమారు 550 మిల్లీమీటర్లు. ఇట్టి రాతి నేలలలో పడిన వానలో సుమారు పదవ వంతు భూమి అడుగుకు ఇంకును. తక్కినది ఆవిరిగా, పైరు ద్వారా, వాగుల ద్వారా పోవును. అనగా ఇంకునది 55 మిల్లీమీటర్లు. ఒక ఎకరముపై ఒక మిల్లీమీటరు నీరనిన సుమారు 4,000 లీటర్లు. కావున ఒక ఎకరము భూమి సంవత్సరమంతటిలో గాదెలో వేయునది 2 లక్షల 20 వేల లీటర్లు. 100 పాళ్ల మొరపలో 2 పాళ్లు నీరు అనుకొనినచో, ఇంతమాత్రము ఇంకినందువలననే బావిలో నీటిమట్టము 9 అడుగులు పెరుగును. వానలకు బావి త్వరగా నిండుటయు, తోడిన కొలది త్వరగా దిగుటయు ఇందువలననే. నిండిన బావిని చూచి నీరు చాల ఉన్నదని భ్రమపడరాదు.

ఇక ఖర్చు చూడండి. రబీలో ఒక ఎకరము వరికి సుమారు 120 సెంటీమీటర్ల నీరు, అనగా 48 లక్షల లీటర్లు కావలెను. అందులో మూడింట ఒకవంతు మరల భూమిలోనికి ఇంకినదనుకొందము. అయినను 32 లక్షల లీటర్లు ఖర్చు. ఇది దాదాపు 15 ఎకరముల భూమి ఏడాది పొడవున దాచిన నీరు. ఒక్క ఎకరము వరి కొరకు 15 ఎకరముల రాబడి!

వేరుశనగకు సుమారు 50 సెంటీమీటర్లు, రాగికి సుమారు 35 సెంటీమీటర్లు చాలును. వేరుశనగ ఎకరమునకు 20 లక్షల లీటర్లు, రాగికి 14 లక్షల లీటర్లు అయినది. తుంపరలతో తడిపినచో వేరుశనగకు ఇంకను తగ్గును. మీ ఊరి భూమి ఎన్ని ఎకరములు, రబీలో వరి ఎన్ని ఎకరములు, త్రాగునీటికి, పశువులకు ఎంత, మీరే లెక్క వేసి చూడండి. చాల ఊళ్లలో రాబడికి మించి ఖర్చు తేలును. ఆ మించినది ఎక్కడ నుండి వచ్చుచున్నది? నిరుటిదియు, ముందటేటిదియు, తాతల నాటిదియు అయిన నిలువలో నుండి. నిలువ తీరినపుడు బోరు గాలి కొట్టును.

ఇంటి తిండికి బియ్యము వలదా యని మీరు అడుగుదురు. అడుగవలసినదే. వరిని పూర్తిగా మానమని నేను చెప్పను. వానకాలములో, చెరువు క్రింద, పల్లపు మడిలో పెట్టుకొనండి. ఎండకాలములో, ఎర్రనేలలో, బోరు క్రింద పెట్టు వరిని గూర్చియే నా మాట.

మీ బోరు ఎంత ఇచ్చును?

రెండు అంగుళముల నీరు, మూడు అంగుళముల నీరు అని మనము చెప్పుకొందుము. అది గొట్టము లావు గాని నీటి కొలత కాదు. సరియైన కొలతకు 200 లీటర్ల డ్రమ్ము, ఒక గడియారము చాలును. మోటారు వేసి ఒక గంట గడచిన పిమ్మట, ధారను డ్రమ్ములోనికి మళ్లించి, ఎన్ని నిమిషములలో నిండినదో చూడవలెను. మొదటి పది నిమిషముల ధార మోసము చేయును గనుక గంట ఆగవలెను.

2 నిమిషములలో నిండినదనుకొందము. అనగా నిమిషమునకు 100 లీటర్లు. రోజుకు 7 గంటలు నడిచిన 42,000 లీటర్లు. ఒక ఎకరముపై ఒక సెంటీమీటరు నీరు. ఎర్రనేలలో ఎండకాలపు వరి రోజుకు త్రాగునదియు, ఇంకునదియు కలిసి ఒక సెంటీమీటరుకు తగ్గదు. కావున ఆ బోరు ఒక ఎకరము వరిని కష్టముమీద గట్టెక్కించును. అదే నీటితో రెండు ఎకరముల వేరుశనగ సుఖముగా పండును.

కాని కార్తీకపు ధార ఫాల్గుణములో ఉండదు. నిరుడు ఫాల్గుణములో కొలిచి వ్రాసిపెట్టుకొనిన లెక్క ఉన్నచో దానినే నమ్మండి. లేనిచో నేటి ధారలో సగమే తుది వరకు ఉండునని ఎంచి, దానికి సరిపడు పైరు మాత్రమే పెట్టండి. అరెకరము తక్కువ పెట్టుట నష్టము కాదు. రెండు ఎకరములు పెట్టి రెండును ఎండబెట్టుకొనుట నష్టము.

ప్రక్కవాడు తోడుకొనడా?

ఇచ్చట ఒక గట్టి ప్రశ్న ఉన్నది. “నేను వరి మానితిని, నీరు పొదుపు చేసితిని. ఆ నీటిని ప్రక్క పొలమువాడు తోడుకొనడా?” తోడుకొనును. ఇందులో దాపరికము లేదు. గాదె అందరిది, కన్నములు ఎవరివి వారివి. కావున ఈ లెక్క ఒక ఇంటితో తీరునది కాదు, ఊరంతయు కూర్చుండి వేయవలసినది. అయితే మన రాతి నేలలలో ఒక అనుకూలము కూడ కలదు. నీరు చాల దూరము పారదు. ఒక చిన్న వాగు పరీవాహములో ఉన్న రైతులదే ఆ గాదె. అంతమంది ఒక రచ్చబండ చుట్టు కూర్చుండగలరు.

ఇది కేవలము కోరిక కాదు, జరిగిన పని. 2003 నుండి కొన్ని సంవత్సరములు, ఐక్యరాజ్య సమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో, రైతుల యాజమాన్యములో భూగర్భ జలముల పథకము మన రాష్ట్రములో నడచినది. కరవు పీడిత జిల్లాలు ఏడింటిలో, 600కు పైగా పల్లెలలో, రైతులే వానమాపకములు చూచిరి, బావులలో మట్టము కొలిచిరి, బోర్ల ధార కొలిచిరి. ఆ అంకెలను ఊరి గోడమీద అందరికి కనబడునట్లు వ్రాసిరి. రబీకి ముందు కూర్చుండి, ఉన్న నీరు ఎంత, పెట్టదలచిన పైర్లకు కావలసినది ఎంత అని బేరీజు వేసిరి. ఏ పైరు పెట్టవలెనని ఎవరును ఆజ్ఞాపించలేదు, జరిమానాలు విధించలేదు. అయినను పలు ఊళ్లలో రైతులు తమంత తామే వరి తగ్గించి, తక్కువ నీటి పైర్లకు మరలిరి. గోడమీద అంకె ఉన్నపుడు ఎవరి ఖర్చు ఎంతయో ఊరికి తెలియును. ఒకప్పుడు చెరువు క్రింద నీరుగంటి చేసిన పనిని గోడమీది అంకె చేసినది.

2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టము కూడ ఉన్నది. క్రొత్త బోరు వేయుటకు ముందు అనుమతి పొందవలెను. త్రాగునీటి బావికి చేరువలో వేయరాదు. కాని చట్టము కాపలా కాయుటకంటె ఊరు కాపలా కాయుట మేలు. కొన్ని ఊళ్లలో రైతులు తమ బోర్లను గొట్టములతో కలుపుకొని, క్రొత్త బోర్లు వేయమని మాట ఇచ్చుకొని, బోరు లేనివారి వేరుశనగకు కూడ బెట్టలో ఒకటి రెండు తడులు ఇచ్చుచున్నారు. బోరు లేనివానికి పంట దక్కినది. బోరు ఉన్నవానికి ప్రక్కన పోటీ బోరు పడలేదు. ఇద్దరికిని లాభమే.

నీరు పెట్టు పద్ధతి

మట్టి కాలువలో బోరు నీరు పారించుట పూర్తిగా మానవలెను. ఎర్రనేలలో పొలము చేరకముందే చాల నీరు ఇంకిపోవును. గొట్టము వేసుకొనుట మొదటి పొదుపు.

వేరుశనగకు భూమిని బాగుగా తడిపి విత్తవలెను. మొలచిన పిమ్మట తొందరపడి నీరు పెట్టరాదు. విత్తిన 20, 25 రోజులకు రెండవ తడి ఇచ్చిన వేరు లోతుకు పోవును, పూత ఒక్కసారిగా వచ్చును. 45వ రోజు మొదలు 85వ రోజు వరకు, ఊడలు దిగి కాయ ఊరు దశలో, బెట్ట తగులనీయరాదు. ఉన్న నీటిని ఆ దినములకు దాచిపెట్టుకొనవలెను. మొదట ధారాళముగా పెట్టి, కాయ ఊరునపుడు చేతులెత్తుట మనలో సామాన్యముగా జరుగు తప్పు.

తుంపర సేద్యము వేరుశనగకు తగినది. బిందు సేద్యము టమాట, మిరప, చీనీ, దానిమ్మ వంటివాటికి తగినది. పారించు పద్ధతికంటె తుంపరలో నాలుగవ వంతు, బిందువులలో మూడవ వంతు మొదలు సగము వరకు నీరు మిగులును. కాని ఒక హెచ్చరిక. మిగిలిన నీటితో మరి రెండు ఎకరములు పెంచినచో బావికి మిగిలినదేమి? పొలము పెరిగినది, గాదె తరిగినది. మిగిలినదానిలో కొంతయైనను భూమిలోనే ఉంచవలెను.

వరి పెట్టితీరవలసిన చోట మడిలో నీరు ఎల్లపుడు నిలుపనక్కరలేదు. 35 సెంటీమీటర్ల పొడవు గల గొట్టపు ముక్కకు క్రింది 20 సెంటీమీటర్ల మేర రంధ్రములు చేసి, ఆ మేరకు మడిలో పాతి, లోపలి మట్టి తీసివేయండి. నాటిన మొదటి రెండు మూడు వారములు కలుపు అణగుటకు పలుచగా నీరు ఉంచవలెను. ఆ తరువాత గొట్టములో నీరు నేలమట్టమునకు 15 సెంటీమీటర్లు దిగువకు పోయినపుడు మరల 5 సెంటీమీటర్లకు మించకుండ పెట్టండి. పూత దశలో మాత్రము నీరు తగ్గనీయరాదు. ఈ విధముగా 15 మొదలు 30 శాతము వరకు నీరు ఆదా అగును. దిగుబడి తగ్గదు.

పురుగుకు, నీటికి సంబంధము

వరిలో సుడిదోమ సంగతి చూడండి. అది దుబ్బు మొదట, నీటికి కొంచెము పైన చేరి రసము పీల్చును. నీరు నిలిచి, గాలి వెలుతురు ఆడక, యూరియా ఎక్కువై పైరు గుబురుగా పెరిగిన మడి దానికి పుట్టినిల్లు. పైనుండి చూచినచో పచ్చగా ఉండును. ఒక వారములో పైరు సుడులు సుడులుగా ఎండి పడిపోవును. దీనికి మొదటి మందు నీరు తీసివేయుటయే. మడిని అప్పుడప్పుడు ఆరగట్టవలెను. నాటునపుడే ప్రతి 2 మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాటను తూర్పు పడమరలుగా వదలవలెను. యూరియాను దఫదఫాలుగా, సిఫారసు మేరకే వేయవలెను. చూచితిరా, బావిని కాపాడు పనియే పైరును కూడ కాపాడుచున్నది!

వారమునకు ఒకసారి మడిలో దిగి, దుబ్బును వంచి, మొదలు తట్టి చూడండి. పిలక దశలో దుబ్బుకు 10 మొదలు 15, ఈనిక దశలో 20 మొదలు 25 దోమలు ఉన్నపుడే మందు అవసరము. సాలీళ్లు, దోమ గ్రుడ్లను తిను మిరిడ్ నల్లులు కూడ అచ్చటనే ఉండును. వాటిని గూడ లెక్కించుకొనండి. అవి కూలి అడుగని కాపలాదారులు. సింథటిక్ పైరిథ్రాయిడ్ మందులు చల్లినచో ముందు చచ్చునవి అవే. అటుపిమ్మట దోమ మునుపటికంటె ఎక్కువగా వచ్చును. మందు తప్పనపుడు వ్యవసాయాధికారి చెప్పినదానిని చెప్పిన మోతాదులో, దుబ్బుల మొదళ్లు తడియునట్లు చల్లవలెను. ఆకుల మీద చల్లిన మందు దోమకు తగులదు.

వేరుశనగలో బెట్ట తగిలినపుడు ఆకుముడత పురుగు, తామర పురుగులు హెచ్చును. తుంపరల తడి వాటిని కొంతవరకు అణచును. అయితే ఆకులు రాత్రియంతయు తడిగా ఉన్నచో తిక్క ఆకుమచ్చ తెగులు వ్యాపించును. కావున తుంపరలను ఆకు ఆరుటకు వ్యవధి ఉండునట్లు ఉదయమునే నడుపుట మంచిది.

2000 సంవత్సరములో అనంతపురం వేరుశనగకు వచ్చిన కాండము కుళ్లు వైరసు తెగులు మీలో పెద్దవారికి జ్ఞాపకము ఉండును. లక్షల ఎకరములు దెబ్బతినినవి. ఆ వైరసు వయ్యారిభామ వంటి కలుపు మొక్కల పుప్పొడిలో ఉండి, తామర పురుగుల వలన వేరుశనగకు సోకినది. వయ్యారిభామ పెరుగుచున్నది ఎక్కడ? గట్లమీద, బాటల ప్రక్క, మన మట్టి కాలువ కారి తడిసిన చోట. వ్యర్థమైన నీరే తెగులుకు నీడ ఇచ్చుచున్నది. పూత రాకముందే ఆ మొక్కను పెరికివేయవలెను. పొలము చుట్టు నాలుగు వరుసలు జొన్న గాని సజ్జ గాని దట్టముగా విత్తినచో గాలికి వచ్చు తామర పురుగులకు అడ్డు నిలుచును.

మందు బావిలో పడరాదు

ఇది చిన్న మాటగా తోచును, కాని ప్రాణముతో పని. బావి గట్టున మందు కలుపరాదు. చల్లిన పంపును బోరు తొట్టిలో కడుగరాదు. ఖాళీ డబ్బాలు పాత బావిలో వేయరాదు. బిందు సేద్యములో ఎరువు నీటితో కలిపి పంపువారు, నీరు వెనుకకు బోరులోనికి పోకుండ అడ్డుకొను కవాటము తప్పక పెట్టుకొనవలెను. ఎండిన బోరులోనికి వాననీరు ఇంకించుట మంచి పనియే. కాని కంకర, ఇసుక గుంట ద్వారా వడగట్టిన నీటినే పంపవలెను. మందు చల్లిన పొలము నీటిని ఎన్నడును మళ్లింపరాదు. రాతి పగుళ్లలో పడిన విషమును తిరిగి తీయుట ఎవరి తరము కాదు. ఆ నీరే మన పిల్లలు త్రాగవలెను.

ముగింపు

ఈ వారములో మీరు చేయవలసిన పనులు నాలుగు.

1. డ్రమ్ము, గడియారము పెట్టి మీ బోరు ధార కొలిచి, తేదీతో వ్రాయండి. ప్రతి నెల అదే పని చేయండి.

2. మోటారు లేని పాత బావులు, బోర్లు ఊరిలో నాలుగైదు ఎంచుకొని నీటిమట్టము కొలిచి గోడమీద వ్రాయండి. మరల వైశాఖములో కొలవండి. దిగినదెంతయో తెలియును.

3. ఒకే వాగు క్రింది రైతులందరు ఒక సాయంకాలము కూర్చుండి, రబీకి ఏ పైరు ఎన్ని ఎకరములో మాట్లాడుకొనండి. ఆడవారిని తప్పక పిలువండి. బోరు ఎండినపుడు బిందె మోయువారు వారే.

4. క్రొత్త బోరుకు అప్పు తెచ్చుటకు ముందు పై మూడు పనులు చేసితినా అని మిమ్ము మీరే ప్రశ్నించుకొనండి.

గాదెలో గింజలు ఎన్ని ఉన్నవో చూడకుండ ఏ ఇల్లాలును సంవత్సరమంతయు వండదు. వడ్లను కొలిచి పోసికొను మనము, ఆ వడ్లను పండించు నీటిని కొలువక తోడుచున్నాము. ఈ కార్తీకములో ఒక్కసారి కొలిచి చూడండి. ఫాల్గుణములో మీ పైరు పొలములో నిలిచి ఉండును. అప్పులవాడు మీ ఇంటి ముంగిట నిలువడు.